మంత్రిగారి నాలుగు మామిడికాయలు

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ఆటలతోనే వైద్యం చేసే వర్చువల్ రియాలిటీ కేంద్రాన్ని మంత్రిగారు రాయపూర్ దేవేంద్ర నగర్‌లో జాతికి అంకితం చేశారు. జాతి తరఫున తొమ్మిదేళ్ల కల్యాణి ముందు వరసలో వీల్‌చెయిర్‌లో కూర్చుంది. పుట్టినప్పటి నుంచీ దాని కుడి పిడికిలి బిగుసుకునే ఉంది. అది విప్పుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదని తల్లి ఉమారాణి ఉర్లా నుంచి రెండు ఆటోలు మారి వచ్చింది.

కళ్లకు ఆటమెషీన్ డబ్బా తగిలించుకుంటే ఎదురుగా మామిడితోట. చెయ్యి చాచి కాయలు కోయాలి. ప్రారంభోత్సవం గనక మొదటి ఆట మంత్రిగారిదే. తోటలో ఆయనకు కోతుల గుంపు కనిపించింది. గుంపును చూసి ఊరుకునే మనిషి కాదాయన. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు, ఆట అయ్యేదాకా దించలేదు. జోడించిన చేతులు అటూ ఇటూ ఊగితే తగిలిన కాయలు నాలుగు. హాలంతా చప్పట్లు.

కల్యాణి మూడు వారాల్లో నాలుగు కోసింది. రెండు వేళ్లు విప్పుకున్నాయి. ఉమారాణికి ఏడుపాగలేదు. ఐదో కాయ మీదికి చెయ్యి చాచేసరికి తోట మాయమై, ‘అభినందనలు, మీకు నయమైంది’ అని తెర మీద పడింది.

ఆఫీసర్ మహేంద్ర ఎంతో ఓపిగ్గా వివరించాడు. మంత్రిగారిని మించిన స్కోరు ప్రోటోకాల్‌కు విరుద్ధం కాబట్టి నాలుగు దగ్గర లాక్ చేయించారట. ఎవరూ నాలుగు దాటలేరు గనక నాలుగొచ్చిన వాళ్లందరికీ నయమైనట్టేనట. వందకు వంద శాతం విజయం.

"ఇంకా మూడు వేళ్లున్నాయి సార్," అంది ఉమారాణి.

ఇంత న్యాయమైన విన్నపాన్ని కాదనే ప్రభుత్వం కాదది. మంత్రిగారు స్కోరు పెంచుకుంటే పిల్లలూ పెంచుకోవచ్చని తీర్మానించారు. ప్రాక్టీసు కోసం మెషీన్ ఆయన బంగళాకు వెళ్లింది. కేంద్రంలో ఉన్నది అదొక్కటే.

రెండు నెలలైంది. ఉమారాణి ప్రతి సోమవారం కూతుర్ని తీసుకెళ్లి అడుగుతూనే ఉంది. ఈ సోమవారం మహేంద్ర లేచి నిలబడి మరీ చెప్పాడు, "ప్రాక్టీస్ జారీ హై, బెహన్‌జీ." ఇంకా సాగుతూనే ఉందట.

తిరుగు ఆటోలో కల్యాణి అడిగింది. "ఆయనకిప్పుడు ఎన్నొస్తన్నాయటమ్మా?"

"మూడట."

కల్యాణి మళ్లీ ముడుచుకుపోయిన తన వేళ్ల వంక చూసుకుంది. "ముందు ఆ జోడించిన చేతులు విడదీయమని ఎవరైనా చెప్పాల్సింది, పాపం," అంది.