తొమ్మిది పెట్టెలు, రెండు తూకాలు

ఆ ఆదివారం ఇల్లాలు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటికల్లా తొమ్మిది పెట్టెల కొవ్వొత్తులు వ్యాన్ ఎక్కాలి, పదకొండింటికల్లా హోటల్ మేనేజరు చేతికి చేరాలి. ఇంట్లోనే కొవ్వొత్తులు పోసి అమ్ముకునే ఆవిడకి ఇది మొట్టమొదటి పెద్ద ఆర్డరు. సరుకు నచ్చితే నెలనెలా తీసుకుంటానన్నాడు మేనేజరు. నచ్చకపోతే ఏం చేస్తాడో ఊరందరికీ తెలుసు. ఒక్క సబ్బుబిళ్ళ మీద గీత కనబడిందని మొత్తం లోడు వెనక్కి పంపిన ఘనుడాయన.

ఆవిడ మరిచిపోయిందల్లా ఒక్కటే. ఆదివారం ఆ ఇంట్లో లెక్కల ఆట ఉంటుంది. భర్త కార్ల మెకానిక్కు. వారమంతా బోల్టులు బిగించినా, ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదికీ ఒక చిక్కు లెక్క వెయ్యనిదే ఆయనకి కాఫీ దిగదు. లెక్క తేల్చినవాళ్ళకి ఆ రోజు గిన్నెలు తోమే పని ఉండదు. పదేళ్ళ కూతురు గిన్నె ముట్టి నెల దాటింది.

ఆ పొద్దున ఆయన లేచి చూసేసరికి వరండాలో అచ్చం ఒకేలాంటి పెట్టెలు తొమ్మిది! ఒకేలాంటి వస్తువులు తొమ్మిది దొరికితే లెక్కల పిచ్చివాడి చెయ్యి ఊరుకుంటుందా? ఒక పెట్టె టేపు మెల్లగా ఊడదీసి, లోపల ఒక ఇనప నట్టు పెట్టి, మళ్ళీ అతికించేశాడు. తర్వాత తన తల్లి పాత త్రాసు దించి తుడిచాడు.

కాఫీలు కాగానే చేతులు నలుపుకుంటూ ప్రకటించాడు. "తొమ్మిదింట్లో ఒకటి బరువెక్కువ. రెండే తూకాల్లో అదేదో చెప్పాలి!"

ఇల్లాలు పెట్టెలకి అడ్డం వచ్చింది. "ఏమండీ, ఆట ఆడుకోడానికి నా ఆర్డరే దొరికిందా మీకు?"

"అబ్బా, రెండు తూకాలే కదా! నట్టు తీసేసి టేపు నేనే వేస్తాను."

తిట్టాలనే అనుకుంది. కానీ లెక్క వింటే ఆవిడ వేళ్ళకీ దురదే. మూడు పెట్టెలు ఒక పళ్ళెంలో, మూడు రెండో పళ్ళెంలో పెట్టింది. ముల్లు కదల్లేదు. "అయితే మిగిలిన మూడింట్లో ఉంది!" అని అరిచింది కూతురు. ఆ మూడింట్లో రెండు తీసి చెరో పళ్ళెంలో పెట్టింది ఇల్లాలు. అవీ సమానమే. "అయితే ఇదే!" అంటూ ఆవిడ మిగిలిన పెట్టె ఎత్తిపట్టుకుంటే భర్త చప్పట్లు కొట్టాడు. ఆ ఉత్సాహంలో వ్యాన్ సంగతి ఎవరికీ గుర్తులేదు.

పెట్టె విప్పారు. కొవ్వొత్తుల మధ్య ఒక బంగాళదుంప ఉంది.

"ఇది నట్టు కాదే!" అన్నాడు భర్త.

"నాకూ కళ్ళున్నాయి" అంది భార్య.

కూతురు మెల్లగా తలుపు చాటుకి జరిగింది. "నాన్నా, నువ్వు పెడుతుంటే నేను చూశాను. ఒక్కటైతే అమ్మ ఇట్టే తేల్చేస్తుందని, ఇంకో పెట్టెలో ఇంకో నట్టు పెట్టాను. కానీ దుంప నాది కాదు. ఒట్టు!"

అప్పటిదాకా చిక్కుళ్ళు ఒలుస్తున్న నానమ్మ తలెత్తింది. ముప్పై ఏళ్ళు కూరగాయలమ్మిన మనిషి. ఆవిడ చేత్తో ఎత్తి చూసిందంటే త్రాసు అక్కర్లేదు. "దుంపలు నేనే పెట్టానర్రా. ఊడుస్తూ పెట్టెలు పక్కకి జరుపుదామని ఎత్తితే మిగతా రెండింటికంటే ఏడింట్లో తూకం తక్కువుంది. కోడలికి మాట రాకూడదని తలో దుంపా వేసి సరిచేశాను. నా చేతి మీదుగా తక్కువ తూకం పోయింది లేదు!"

సరిగ్గా అప్పుడే బయట వ్యాన్ హారన్ మోగింది.

ఇక చూడాలి ఆ ఇంటి హడావిడి. నలుగురూ నాలుగు దిక్కుల్లో కూర్చుని విప్పేవాళ్ళు విప్పుతున్నారు, అతికించేవాళ్ళు అతికిస్తున్నారు. టేపు నానమ్మ చీరకి అంటుకుంది, కూతురి జడకి అంటుకుంది. డ్రైవరు మూడోసారి హారన్ కొట్టేలోపు తొమ్మిది పెట్టెలూ బండెక్కాయి. ఇల్లాలు హమ్మయ్యా అని మెట్టు మీద కూలబడింది.

"అమ్మా, తొమ్మిది పెట్టెల్లోంచి తొమ్మిది రావాలి కదా? నట్లు రెండు, దుంపలు ఆరు. ఎనిమిదే ఉన్నాయి" అంది కూతురు బుట్టలోకి చూస్తూ.

పై ప్రాణాలు పైనే పోయాయి. గీత పడిన సబ్బునే ఓర్చుకోని మనిషి, దుంప దొరికితే ఊరుకుంటాడా? అలాగని సీలు వేసిన పెట్టెలు ఆయన ముందు విప్పడమూ కుదరదు.

"విప్పడమెందుకే? ఇప్పుడు నిజంగానే తొమ్మిదింట్లో ఒకటి బరువు. రెండు తూకాలు చాలు!" అన్నాడు భర్త. ఆ కంగారులోనూ ఆయన మొహం వెలిగిపోయింది. మరుక్షణం ముగ్గురూ త్రాసుతో సహా స్కూటరెక్కేశారు.

వాళ్ళు రొప్పుకుంటూ వెళ్ళేసరికి మేనేజరు కత్తెర పట్టుకుని మొదటి పెట్టె దగ్గరున్నాడు.

"ఒక్క నిమిషం సార్! తూకం చూసుకోవాలి" అంది ఇల్లాలు.

ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. "ఏం, తక్కువుందా?"

"ఎక్కువుందేమోనని సార్." అంతకంటే పచ్చి నిజం ఆవిడ జన్మలో చెప్పలేదు.

మూడూ మూడూ సమానం. మిగిలిన మూడింట్లో ఒకటీ ఒకటీ సమానం. చివరి పెట్టె పట్టుకుని, దీన్ని ఏ వంకతో వెనక్కి తీసుకెళ్ళాలా అని ఆవిడ ఆలోచిస్తుంటే ఫోన్ మోగింది. నానమ్మ.

"అమ్మాయ్, మొదట దొరికిన దుంప బుట్టలో లేదని కంగారు పడకండి. అప్పుడే కోసి పొయ్యి మీద పడేశాను."

కూతురు చెవిలో గొణిగింది. "అమ్మా, ఒకటి బరువుందని ముందే తెలిస్తేనే ఈ లెక్క పనిచేస్తుంది. లేకపోతే ఎప్పుడూ చివరిదాని మీదే నింద పడుతుంది!" ఇల్లాలు ఒక పళ్ళెంలో పెట్టె దించి, ఆఖరిదాన్ని అక్కడ పెట్టింది. ముల్లు మధ్యలో నిలబడింది. ఆనందం పట్టలేక కూతుర్ని అక్కడే ముద్దు పెట్టుకుంది.

మేనేజరు కత్తెర కింద పెట్టాడు. "ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. నేను త్రాసు తెస్తే పారిపోయినవాళ్ళే గానీ, త్రాసు మోసుకొచ్చినవాళ్ళు లేరు. ఆర్డరు నెలనెలా మీకే." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "అది సరేగానీ, ఆ ఆఖరి పెట్టె దాకా, తొమ్మిదింటికి రెండే తూకాలెలా సరిపోయాయి?"

అంతే, తండ్రీకూతుళ్ళు పెట్టెలు పేర్చి మొదలుపెట్టారు. అరగంట గడిచేసరికి మేనేజరు కోటు విప్పేసి నేల మీద కూర్చున్నాడు.

"అంటే మూడు తూకాలతో ఇరవయ్యేడు పెట్టెలు తేల్చొచ్చన్నమాట! అయితే వచ్చే నెల ఇరవయ్యేడు పంపండి" అన్నాడు ఉత్సాహంగా. తండ్రీకూతుళ్ళు ఎగిరి గంతేశారు.

ఇరవయ్యేడు పెట్టెల కొవ్వొత్తులు ఎవరు పొయ్యాలన్నది మాత్రం ఆ లెక్కలో ఎవరూ అడగలేదు.