చేదు కబురుకి తొంభై రెండు మార్కులు

ఆదివారం పొద్దున్న కాఫీ తాగేలోపు ఒక మనిషికి ఇక బతకరని చెప్పేసి, తీరిగ్గా స్నానం చేయాలని సర్జన్‌గారు అనుకున్నారు.

ఆ మనిషి నిజం మనిషి కాదు. ఆయన పాఠాలు చెప్పే వైద్య కళాశాల కొత్తగా వర్చువల్ రియాలిటీ కళ్ళజోళ్ళు కొంది. తలకి తగిలించుకుంటే ఎదురుగా ఆస్పత్రి గది, కుర్చీలో రోగి కనిపిస్తారు. చెవులకి ఆ రోగి గొంతు తప్ప మరేదీ వినబడదు. చేదు కబురు మెత్తగా ఎలా చెప్పాలో విద్యార్థులు అందులో నేర్చుకోవాలి. ముందు గురువులు డెబ్బై మార్కులు తెచ్చుకోవాలి. ముప్ఫై ఏళ్ళుగా కత్తితో తప్ప నోటితో పనిపడని సర్జన్‌గారికి మూడుసార్లూ కలిపినా డెబ్బై రాలేదు. మూడోసారైతే ఆయన మాట వినలేక ఆ బొమ్మ రోగి లేచి వెళ్ళిపోయింది. అందుకే కళ్ళజోడు ఇంటికి తెచ్చుకుని, వెనకగది తలుపు దగ్గరగా వేసి మొదలుపెట్టారు.

"అమ్మా, కూర్చోండి" అన్నారు.

సరిగ్గా అప్పుడే ఆయన అత్తగారు కాఫీ గ్లాసుతో లోపలికి వచ్చారు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. నీరసంగా ఉందని రెండు రోజుల క్రితమే రక్తపరీక్ష చేయించుకున్నారు. కూర్చోమన్నాడు కదా అని ఎదురుకుర్చీలో కూర్చున్నారు. ఇన్నేళ్ళలో అల్లుడు తనని అమ్మా అని పిలవడం ఇదే మొదలు. పైగా కళ్ళకి నల్లగా ఏదో కట్టుకుని ఉన్నాడు.

"రిపోర్టులు వచ్చాయమ్మా. మీరు కొంచెం ధైర్యం తెచ్చుకోవాలి."

"ఏమైంది బాబూ?" అన్నారు అత్తగారు. కళ్ళజోడులోని రోగి కూడా అదే అడిగింది.

"కాలేయం పాడైంది. ఆపరేషన్‌కి లొంగే దశ దాటిపోయింది."

"ఇంకెన్నాళ్ళు?" అని ఇద్దరూ అడిగారు.

"ఆరు నెలలు. మీరు ఒంటరివాళ్ళు కాదు, నేనున్నాను" అంటూ సర్జన్‌గారు గొంతు వణికించారు. దానికి అయిదు మార్కులు అదనం.

తన మొహం చూస్తూ చెప్పలేక అల్లుడు కళ్ళకి గంతలు కట్టుకున్నాడని అత్తగారికి అర్థమైంది. కాఫీ బల్ల మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయారు.

తొంభై రెండు వచ్చాయి. కాఫీ ఎవరు పెట్టారో గాని ఇంకా వేడిగానే ఉంది. అది తాగేసి సర్జన్‌గారు స్నానాలగదిలో పాటందుకున్నారు.

వంటింట్లో అత్తగారు బీరువా తాళాలు కూతురి చేతిలో పెట్టి సంగతి చెప్పారు. "అతన్ని మాత్రం ఏమీ అడక్కు. నాకంటే ఎక్కువ నలిగిపోతున్నాడు."

కూతురు కళ్ళు తుడుచుకుని, పాట వినబడుతున్న వైపు చెవి పెట్టింది. "నిజమేనమ్మా. బాధ తలకెక్కినట్టుంది."

గంటలో బావమరిది కారేసుకుని దిగాడు. తల్లి కోరిక మీద తన మేనత్తని కూడా ఎక్కించుకొచ్చాడు. ఒక కుట్టుమిషను దగ్గర మాటామాటా అనుకుని, అత్తగారూ ఈ ఆడపడుచూ పలకరించుకుని పదకొండేళ్ళయింది. తల తుడుచుకుంటూ వచ్చిన సర్జన్‌గారిని బావమరిది గట్టిగా కావలించుకున్నాడు.

"ఆ మాట చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది బావగారూ?"

తన పరీక్ష సంగతి ఇతనికి ఎలాగో తెలిసిపోయిందనుకున్నారు సర్జన్‌గారు. "మొదటి మూడుసార్లూ చేతకాలేదు. ఇవాళ పట్టుబడింది. చెప్పేశాక ప్రాణం ఎంత తేలికపడిందో."

బావమరిది అక్కడే సోఫాలో కూలబడ్డాడు.

"ఆరు నెలల్లో మనం ఏం చేయగలమండీ?" అంది భార్య, ముక్కు చీదుతూ.

"ఎవరికి?"

ఆ ఒక్క ప్రశ్నతో మొత్తం బయటపడింది. సర్జన్‌గారు వెంటనే ల్యాబుకి ఫోన్ చేశారు. అత్తగారికి రక్తం కాస్త తక్కువగా ఉంది, అంతే. మిగతాదంతా అల్లుడి రిపోర్టుల కన్నా నయం.

ముగ్గురూ ఊపిరి పీల్చుకుని, చెప్పడానికి గది దాకా వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయారు. మంచం మీద అత్తగారు పడీ పడీ నవ్వుతున్నారు. పదకొండేళ్ళుగా పోగుపడిన చుట్టాల చాడీలు ఒక్కొక్కటే చెబుతూ ఆడపడుచు ఆవిడ కాళ్ళు పడుతోంది. "ఆ మిషను రేపే పంపిస్తాను వదినా, నీదే అది" అంటోంది.

ఆ గదిలోకి ఈ కబురు మోసుకెళ్ళడానికి కన్నకొడుక్కి కాళ్ళాడలేదు.

"మీరే వెళ్ళండి. తొంభై రెండు మీకే వచ్చాయి" అంది భార్య.

సర్జన్‌గారు వెళ్ళి, నేర్చుకున్నట్టే కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళలోకి చూస్తూ, ఆగి ఆగి చెప్పారు. పొద్దున్న జరిగిన పొరపాటు, ల్యాబువాళ్ళ మాట, ఏదీ దాచలేదు. "కాబట్టి అత్తయ్యగారూ, మీకు ఏ జబ్బూ లేదు."

కాళ్ళు పడుతున్న చేతులు నెమ్మదిగా వెనక్కి జరిగాయి. అత్తగారు ఆ చేతుల వంక చాలాసేపు చూశారు.

"ఎందుకైనా మంచిది, ఇంకో డాక్టరుకి చూపిద్దాం బాబూ" అన్నారు.