కామాక్షమ్మ బండకు పాఠకులు వచ్చిన విధం

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ రాయడం నేర్చుకున్నాయి. చదవడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు.

అక్కడ కాలిబాటల పక్కన బండలుండేవి. ఎవరి బండ మీద వాళ్ళు ఎర్రమట్టితో తమకు తెలిసింది రాసుకునేవారు. ఎలుగుబంటి చీమల పుట్టల గురించి రాసేవాడు. నెమలి తన గురించే రాసేవాడు. తాబేలు మొదలుపెట్టిన వ్యాసం ఇంకా మొదటి వాక్యంలోనే ఉంది.

కుందేలు కామాక్షమ్మ బండ వాగు మలుపులో ఉంది. ఆమె రాసేది ఆకులూ అలముల గురించి. ఏ ఆకు తింటే కడుపునొప్పి తగ్గుతుంది, ఏ ఆకు తింటే లేని నొప్పి వస్తుంది, అంతా నాలుగు ముక్కల్లో తేల్చేసేది. ఆ రాతలు చదవడానికి వచ్చేది కడుపునొప్పి వాళ్ళు మాత్రమే. అదీ నొప్పి వచ్చిన రోజునే. తగ్గాక ఎవరూ ఆ ఛాయలకు వచ్చేవారు కాదు.

ఆ బండ కిందే ఆమె బొరియ. అందులో పాలు మానని పిల్లలు.

ఇలా ఉండగా అడవి సభ ఒక తీర్మానం చేసింది. సభకు పెద్ద ఏనుగు పర్వతాలుగారు. తీర్మానాలంటే ఆయనకు చెరుకుగడల కన్నా ఇష్టం. "బండలు తక్కువయ్యాయి, రాసేవాళ్ళు ఎక్కువయ్యారు. తొలకరి మబ్బు పట్టిన రోజున నేనే స్వయంగా వచ్చి చూస్తాను. ఏ బండ ముందు పాఠకుల జాడ కనబడదో ఆ బండ ఖాళీ చేయాలి. కింద కాపురం ఉన్నవాళ్ళతో సహా" అని ప్రకటించారు.

కామాక్షమ్మ చెవులు రెండూ వాలిపోయాయి. "వానలు మొదలయ్యాక పసిపిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోనండీ?" అని అడిగింది.

"పాఠకుల్ని తెచ్చుకో తల్లీ. మిగతావాళ్ళు తెచ్చుకోవడం లేదూ?" అన్నారు పర్వతాలుగారు.

నిజానికి మిగతావాళ్ళకూ ఎవరూ రావడం లేదు. కానీ తన బండ ఖాళీగా ఉందని నోరు తెరిచి ఒప్పుకునే జంతువు ఆ అడవిలో లేదు. అందరూ తలలూపారు. కామాక్షమ్మ తనొక్కతే వెనకబడిపోయిందనుకుని కుమిలిపోయింది.

సరిగ్గా అప్పుడే పట్నం నుంచి నక్క సన్యాసిరావు దిగాడు. పట్నంలో ఆయన మకాం ఒక కోచింగ్ సెంటర్ వెనక చెత్తకుండీ పక్కన. కిటికీలోంచి విసిరేసిన పఫ్ ముక్కలు తింటూ ఆన్‌లైన్ మార్కెటింగ్ కోర్సు మొత్తం విన్నాడు. ఫ్యాను చప్పుడులో సగం వినబడలేదు. ఆ సగం సొంతంగా కల్పించుకున్నాడు. ఇప్పుడు మెడలో ఎవరిదో ఐడీ కార్డు వేసుకుని, బండబండకూ తిరిగి సలహాలు చెబుతున్నాడు.

కామాక్షమ్మ బండను ఆయన కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూశాడు. పెదవి విరిచాడు.

"మీ రాతలో పెద్ద లోపం ఉందమ్మా."

"ఏమిటండీ అది?"

"విషయం ఎక్కువైపోయింది. ఇదిగో, 'కడుపు ఉబ్బరానికి మారేడు చిగుళ్ళు నమలండి' అని శీర్షికలోనే చెప్పేశారు. ఇక పాఠకుడు మీ బండ దగ్గర ఎందుకు నిలబడాలి? దాన్ని ఇలా మార్చండి. 'ఈ ఒక్క ఆకు తిన్న దున్నకు ఏం జరిగిందో తెలిస్తే మీ తోక నిలవదు.'"

"ఏం జరిగిందండీ?"

"అది చెప్పకూడదు. చెబితే వెళ్ళిపోతారు."

కామాక్షమ్మకు ఈ పద్ధతి నచ్చలేదు. కానీ బొరియలోంచి పిల్లల కిచకిచలు వినబడుతున్నాయి. ఎర్రమట్టి తడిపింది.

రెండో సలహా చిలకల గురించి. నాలుగు దారుల కూడలిలో చిలకల గుంపు ఒకటి ఉండేది. ఎవరికి ఏం కావాలన్నా వాటినే అడిగేవారు. అడిగిన మాట ఏ బండ మీద ఎక్కువసార్లు కనబడితే ఆ బండకు దారి చూపించడం చిలకల పని. వాటికి అర్థంతో నిమిత్తం లేదు.

"ఈ అడవిలో అందరూ అడిగే మాట మేత. కాబట్టి వాక్యానికి నాలుగు మేతలు తగ్గకూడదు" అన్నాడు సన్యాసిరావు.

ఆ సాయంత్రం బండ మీద ఇలా ఉంది: "మేత వెతికే మేతప్రియులారా, మేతలలోకెల్లా మేలైన మేత మేసేముందు మేత గురించి మా మేత పేజీలో మేతపరంగా తెలుసుకోండి." అది చదివి కామాక్షమ్మకే ఆకలి చచ్చిపోయింది.

ఆ తర్వాత ఆయన బండలవాళ్ళందరికీ ఒడంబడిక కుదిర్చాడు. కుందేలు బండ మీద 'మరిన్ని వివరాలకు ఎలుగుబంటి బండ చూడండి' అని ఉంటుంది. ఎలుగుబంటి బండ మీద 'నెమలి బండ చూడండి' అని, నెమలి బండ మీద 'కుందేలు బండ చూడండి' అని ఉంటుంది. ఒకరినొకరు మెచ్చుకుంటే అందరూ గొప్పవాళ్ళయిపోతారట.

బండ పైనున్న కొమ్మ మీద కొండముచ్చు కోటయ్యను కూర్చోబెట్టాడు. ఎవరైనా చదవబోతే చాలు, కోటయ్య తోకతో వేలాడుతూ ముఖానికి ముఖం అడ్డంపెట్టి, "మీ పడక ఎక్కడో చెప్పండి, కొత్త రాత పడగానే కబురు పెడతాం" అనాలి. చెప్పనంటే కాసేపు పక్కకు జరిగి మళ్ళీ రావాలి.

ఇక బండలవాళ్ళందరికీ చెప్పినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇసుక.

"బండ ముందు మెత్తటి ఇసుక పరవండి. వచ్చినవాళ్ళ అడుగు పడుతుంది. ఎవరొచ్చారు, ఎటునుంచి వచ్చారు, ఎంతసేపు నిలబడ్డారు, ఎటు పోయారు, మొత్తం జాతకం తెలిసిపోతుంది" అన్నాడు.

"మరి వాళ్ళకు చెప్పొద్దా అండీ?"

"అడుగు పెట్టారంటేనే ఒప్పుకున్నట్టు లెక్కమ్మా."

"మీకేం ఇచ్చుకోను గురువుగారూ?" అని కామాక్షమ్మ మొహమాటంగా అడిగింది.

"ఛ, మీ దగ్గర తీసుకుంటానా? రోజూ పొద్దున్నే ఇసుక చూసుకునే హక్కు ఇవ్వండి, చాలు."

ఇంత మంచివాడు ఉంటాడా అని ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఇలాంటి చోట కళ్ళు చెమ్మగిల్లితే ముందు చూపు తగ్గుతుందని ఆమెకెవరూ చెప్పలేదు.

కొత్త పద్ధతికి తొలి బోణీ అడవిదున్న వీరాస్వామి. పచ్చి వెదురు కొమ్ములు అతిగా మేసి, పొట్ట ఉబ్బి, మూలుగుతూ వచ్చాడు. మేత అరగలేదనగానే చిలకలు నేరుగా కుందేలు బండకే పంపాయి. చదవబోతే కోటయ్య ముఖం అడ్డొచ్చింది.

"మీ పడక ఎక్కడో..."

"పడకా లేదు, గిడకా లేదు, తప్పుకోవయ్యా. పొట్ట పగిలిపోతోంది."

కోటయ్య తప్పుకుని మళ్ళీ వచ్చాడు. చివరికి వీరాస్వామి తల వంకరగా పెట్టి చదివాడు. మొదట కామాక్షమ్మ బాల్యం ఉంది. తర్వాత వాళ్ళ అమ్మమ్మ మారేడు చెట్టు కింద ఏం చెప్పేదో ఉంది. ఆకు సంగతి వచ్చేసరికి 'మరిన్ని వివరాలకు ఎలుగుబంటి బండ చూడండి' అని ఉంది. అక్కడికి పోతే నెమలి దగ్గరికి పొమ్మంది. నెమలి బండ మళ్ళీ కుందేలు దగ్గరికి తోలింది. పాపం, పొద్దు గూకేదాకా గానుగెద్దులా తిరిగాడు. తిరిగి తిరిగి ఉబ్బరం దానంతటదే తగ్గిపోయింది.

సన్యాసిరావు పరుగున వచ్చి, 'ఈ బండ వల్లే నాకు నయమైంది, ఇట్లు వీరాస్వామి' అని అతని చేతే రాయించి బండ నెత్తిన పెట్టించాడు.

దాంతో జనం విరగబడ్డారు. దుప్పులు, కణుజులు, అడవిపందులు గుంపులుగా వచ్చాయి. ఇసుక మీద అడుగు పెట్టడానికి చోటు లేదు. కామాక్షమ్మ పిల్లలకు ఆ అడుగులు చూపించి మురిసిపోయింది.

రోజూ పొద్దున్నే సన్యాసిరావు కూడా వాటిని చూసేవాడు. చూసి నేరుగా గుట్ట వెనక పులి నాంచారమ్మ గుహకు వెళ్ళేవాడు. "దుప్పులు వాగు మలుపుకు ఎండ పడ్డాక వస్తున్నాయి, వెళ్ళేటప్పుడు పడమటి దారి పడుతున్నాయి" అని చెప్పేవాడు. నాంచారమ్మ పడమటి దారిలో కూర్చునేది. తిన్నాక మిగిలిన ఎముకలు సన్యాసిరావువి. ఊరికే సలహాలు చెప్పే గురువులు ఎందుకంత నిగనిగలాడుతూ ఉంటారో ఇప్పుడర్థమైంది కదా.

ఒకరిద్దరు పాఠకులు మళ్ళీ కనబడలేదు. కామాక్షమ్మ కంగారుపడితే, "పాఠకులకు నిలకడ ఉండదమ్మా" అని సర్దిచెప్పాడు.

అయితే దుప్పులు మరీ అంత తెలివితక్కువవి కావు. బండల దగ్గరికి వెళ్ళినవాళ్ళే తగ్గిపోతున్నారని గమనించి, అటు వెళ్ళడం మానేశాయి. వాటిని చూసి మిగతావాళ్ళూ మానేశారు. కడుపునొప్పి వాళ్ళు సైతం నొప్పి ఓర్చుకోవడమే మేలనుకున్నారు. ఇసుక చదునుగా, శుభ్రంగా, ఎవరూ నడవని ఏటిగట్టులా మిగిలిపోయింది.

తొలకరి దగ్గరపడింది. కామాక్షమ్మకు నిద్ర కరువైంది.

సన్యాసిరావుకూ చిక్కొచ్చింది. ఇటు బండలవాళ్ళు నిలదీస్తున్నారు. అటు నాంచారమ్మ కబురేదని గుర్రుమంటోంది. ఆలోచించి, తెల్లవారగానే తనే ప్రతి బండ ముందూ ఇసుక మీద నడవడం మొదలుపెట్టాడు. ముందుకు నడిచాడు, వెనక్కి నడిచాడు, వేరే జంతువని భ్రమపడాలని మూడు కాళ్ళ మీద కుంటాడు. కామాక్షమ్మ బండ ముందు మాత్రం ప్రత్యేక శ్రద్ధతో రోజూ రెండుసార్లు తిరిగాడు.

"చూశారా, మళ్ళీ ఎంత జనమో" అన్నాడు.

కామాక్షమ్మ ముక్కు దగ్గరగా పెట్టి చూసింది. "అన్ని అడుగులూ ఒకేలా ఉన్నాయేమండీ?"

"అభిమానులు అలాగే ఉంటారమ్మా."

ఆమెకు అనుమానం రాకపోలేదు. కానీ మబ్బులు చూస్తే బెంగ పుడుతోంది. ఎవరి అడుగులైతేనేం, పర్వతాలుగారి కంటికి ఆనితే చాలు, పిల్లలు వానలో నానకుండా ఉంటే చాలనుకుని నోరు మూసుకుంది. ఆమె చేసిన తప్పంటూ ఉంటే ఇదొక్కటే.

నాంచారమ్మ మాత్రం సన్యాసిరావు చెప్పిన చోటల్లా కూర్చుని కూర్చుని నడుము పట్టేసి, విసుగెత్తి, ఒక మధ్యాహ్నం ఇసుక సంగతేమిటో తనే చూద్దామని బయల్దేరింది. బండబండా తిరిగింది. చివరికి వాగు మలుపులో ఆగి, గట్టిగా నిట్టూర్చింది.

"దుప్పులు, దుప్పులని నన్ను తిప్పలు పెట్టాడు గానీ, ఈ అడవినిండా ఉన్నవి నక్కలే. ఇన్ని నక్కల్ని చుట్టూ పెట్టుకుని పస్తులెందుకుంటున్నాను?"

బొరియలో పిల్లల్ని గుండెలకు అదుముకున్న కామాక్షమ్మకు ఆ మాట స్పష్టంగా వినబడింది. ఇన్నాళ్ళూ ఎవరికోసం ఇసుక పరిచిందో అప్పుడు తెలిసింది. తన ఇంటి గుమ్మానికి తనే పులిని పిలుచుకుంది.

నాంచారమ్మ ఇసుక మీదే చతికిలబడింది. పొద్దుపోక బండ చదవసాగింది. కోటయ్య అలవాటు కొద్దీ కొమ్మ మీంచి వేలాడి, "మీ పడక ఎక్కడో చెప్పండి" అని మొదలుపెట్టి, ఎదురుగా ఉన్న ముఖం చూసి, మిగతా మాట చెట్టు చిటారు నుంచి పూర్తిచేశాడు.

"చెబుతాను, కిందికి రా" అంది నాంచారమ్మ ప్రేమగా. ఆ రోజు నుంచి కోటయ్య ఎవరినీ ఏమీ అడగలేదు.

మర్నాడు తెల్లవారేసరికి తొలకరి మబ్బు కమ్మింది. చినుకు ఇంకా పడలేదు. పర్వతాలుగారు వచ్చేలోగా ఒక చుట్టు తిరిగేద్దామని సన్యాసిరావు గబగబా వచ్చాడు. ఇసుక మీద నాలుగడుగులు వేశాడో లేదో, బండ వెనక నుంచి నాంచారమ్మ లేచింది.

"రండి రండి. ఈ అడవిలో చదువు మీద శ్రద్ధ ఉన్నది మీ వాళ్ళకే అని విన్నాను. మిగతా గుంపు వస్తోందా?"

సన్యాసిరావు కుందేలు బొరియలోకి తల దూర్చాడు. నెలరోజుల ఎముకల మూలుగ పొట్టలో ఉంది మరి, నడుము దగ్గర ఇరుక్కుపోయాడు. లోపల ఆయన ముఖానికి ఎదురుగా కామాక్షమ్మ.

"కొంచెం లోపలికి జరగండమ్మా" అని బతిమాలాడు.

ఆమె పిల్లల్ని వెనక దారి గుండా ఒక్కొక్కరినీ బయటికి నెడుతూనే, "పాఠకుడు ఎక్కువసేపు నిలవాలన్నారుగా గురువుగారూ. నిలవండి" అంది.

బయట నాంచారమ్మ తోక పట్టుకుని లాగింది. తోక వచ్చింది, సన్యాసిరావు రాలేదు. ఇంతలో సభవాళ్ళ బూరలు వినబడితే, అంత మందితో మాట్లాడే ఓపిక లేక ఆమె తోకతో సహా పొదల్లోకి తప్పుకుంది.

పర్వతాలుగారు వచ్చి ఇసుక చూశారు. పులి పంజా గుర్తులు చూశారు. ఇసుకలో పులి పొట్ట ఆనిన గుంట చూశారు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"పొద్దుటి నుంచి రాత్రిదాకా కదలకుండా కూర్చుని చదివిన జాడ ఇది. అందులోనూ పులి. ఇంతటి పాఠకురాలిని సంపాదించిన బండ ఇదొక్కటే. ఈ బండను ఖాళీ చేయించే ప్రశ్నే లేదు. ఇకమీదట రాసేవాళ్ళందరూ పులులు మెచ్చేలా రాయాలి" అని అక్కడికక్కడే తీర్మానించారు. సభ తలలూపింది.

కామాక్షమ్మ ముళ్ళపొద లోపల పిల్లల్ని దాచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. ఏ బండ కోసం ఇన్నాళ్ళూ ఏడ్చిందో దాన్ని ఒకసారి చూసుకుంది.

"ఈ ఘనత నాది కాదండీ, మా గురువుగారిది. ఆ పాఠకురాలు కూడా నాకోసం రాలేదు, ఆయన కోసమే వచ్చారు. బండా బొరియా ఆయన పేర రాసిచ్చేస్తున్నాను. కాదనకండి."

పర్వతాలుగారి గుండె కరిగింది. సన్యాసిరావును తొండంతో పట్టుకుని, సీసా బిరడాలా ఊడబెరికి బండ మీద కూర్చోబెట్టారు. "ఎలా రాయాలో అందరికీ చెప్పింది మీరేనటగా. రోజూ ఇక్కడే ఉండి రాయాలి. ఇది సభ ఆజ్ఞ" అన్నారు.

"నాకు అంత అర్హత లేదండీ" అన్నాడు సన్యాసిరావు. అడవికొచ్చాక ఆయన చెప్పిన మొదటి నిజం అదే.

"గొప్పవాళ్ళందరూ ఇలాగే అంటారు" అని సభ చప్పట్లు కొట్టింది.

కామాక్షమ్మ ఇప్పుడు ముళ్ళపొదల్లో ఉంటోంది. అక్కడ బండ లేదు. కడుపునొప్పి వాళ్ళు వెతుక్కుంటూ వస్తే మారేడు చిగుళ్ళు నమలమని నోటితో చెప్పి పంపేస్తుంది. సన్యాసిరావు 'తోక లేకపోయినా పాఠకులను నిలుపుకోవడం ఎలా' అనే వ్యాసం మొదలుపెట్టాడు. ఒక పాఠకురాలు రోజూ వచ్చి, కింద కూర్చుని, ఆయన దిగేదాకా శ్రద్ధగా ఎదురుచూస్తోంది.

నీతి: మీరు రాసింది ఎవరూ చదవడం లేదంటే బాధపడకండి, ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉన్నట్టే.