కిటికీ బయట ఎండ

ఆ రోజు పొద్దున్న ఏడింటికి కండక్టర్ రెండు చోట్ల ఉండాల్సి వచ్చింది. ఒకటి పళ్ల డాక్టరమ్మ కుర్చీ, రెండోది రేడియో కుర్చీ. ముప్ఫై ఏళ్లు బస్సులో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగిన మనిషే గానీ, ఒకేసారి రెండు చివర్లా నిలబడడం ఆయనకూ చేతకాదు కదా.

రేడియో అంటే పెద్ద భవనమూ, గేటు దగ్గర కాపలా మనిషీ ఉంటారనుకునేరు. అదేం కాదు. ఇది సెల్‌ఫోన్లలో వినే ఇంటర్నెట్ రేడియో. టైలరమ్మ కొట్టు మీద ఒక గది, గోడలకు పాత బొంతలు, ఒక కంప్యూటర్, ఒక మైకు. జీతం ఎవరికీ లేదు. ఎవరికి వీలైన గంటలో వాళ్లు వచ్చి పాటలు వేసి, నాలుగు మాటలు మాట్లాడి వెళ్తారు. ఏడు నుంచి ఎనిమిది కండక్టర్‌ది. ఆ గంటసేపు టైలరమ్మ తన మిషను కూడా తొక్కదు, చప్పుడు మైకులోకి వెళ్తుందని.

కండక్టర్ పాత పాటలు వేసి, మధ్యమధ్య కిటికీలోంచి చూస్తూ వీధి సంగతులు చెప్పేవాడు. "అదిగో, నీలం చొక్కా ఆయన బస్సు కోసం పరుగెడుతున్నాడు. డ్రైవరూ, కాస్త ఆపవయ్యా!" అనేవాడు. ఎండో వానో కూడా చెప్పేవాడు. ఎదురు మేడ మీద దుప్పట్లు ఆరేసుకునే లాండ్రీ అతను మూడేళ్లుగా ఆ మాట వినే తాడు కట్టేవాడు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆరు నెలలు ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్న కండక్టర్, ఈ గంట దొరికాకే మళ్లీ మనిషయ్యాడు. ఆ గంట పోతే ఏమవుతాడో ఆయన భార్యకు బాగా తెలుసు.

ఆ గంట పోయే దారి కూడా ఒకటి గోడ మీద అంటించి ఉంది. "కార్యక్రమాలన్నీ లైవ్‌గానే జరగవలెను. తప్పినవారి గంట వరుసలో తరువాతివారికి చెందును." రాసింది రిటైరైన హెడ్మాస్టారు. వరుసలో తరువాతివారు కూడా హెడ్మాస్టారే. ఆదివారం సాయంత్రం శ్రోతల సందేహాలు తీర్చే కార్యక్రమం ఆయనకు ఉండనే ఉంది, అయినా కళ్లన్నీ ఈ ఏడింటి గంట మీదే.

ఇలాంటప్పుడే కండక్టర్‌కు దవడ పన్ను నొప్పి లేచింది. మూడు రోజులకు బుగ్గ బూరెలా ఉబ్బింది. డాక్టరమ్మ పది రోజులు ఊరెళ్తోంది. వెళ్లేముందు ఖాళీ ఉన్నది మర్నాడు పొద్దున్న ఆ ఏడు గంటలకే.

"రేపు ఒక్కరోజు మానెయ్యండి," అంది భార్య.

"మానేస్తే ఆ హెడ్మాస్టారు నా కుర్చీలో కూర్చుంటాడే! ఇక లేవడు."

"అయితే పన్ను ఉంచుకోండి. రాత్రంతా మూలుగుతూ మీరూ, వింటూ నేనూ."

చివరికి ఆమే ఉపాయం చెప్పింది, గంటంతా ముందే రికార్డు చేసి పెట్టమని. కండక్టర్ మధ్యాహ్నమే స్టూడియోకు వెళ్లి కూర్చున్నాడు. పాపం, అబద్ధం ఆడడం అలవాటు లేని మనిషి. లైవ్ కాదని ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని ఉన్నదానికి రెట్టింపు చేశాడు. "కిటికీ బయట ఎండ పెళపెళలాడుతోందండీ! దుప్పట్లున్నవాళ్లు ఇప్పుడే ఆరేసుకోండి. నేనా? నేనెక్కడికి పోతాను, ఇదే కుర్చీలో ఉన్నాను!" అని ప్రతి పాటకూ ముందు చెప్పాడు.

టైలరమ్మకు బటను చూపించి, "ఏడు కాగానే ఇది నొక్కి తలుపు గడియ పెట్టుకో అమ్మాయ్. గుర్తుందిగా, ఏది ఆగినా ముందు మైకు తెరవాలి. వినేవాళ్లకు నిశ్శబ్దం వినిపించకూడదు," అన్నాడు. ఈ చివరి మాట మూడేళ్లుగా ఆమెకు రోజూ చెప్పేదే.

తెల్లవారేసరికి ఆకాశం మబ్బు పట్టింది. లాండ్రీ అతను తాడు పట్టుకుని తటపటాయిస్తుంటే ఫోనులో కండక్టర్ గొంతు ఎండ పెళపెళలాడుతోందంది. ఇంకేం, లాడ్జివాళ్ల తెల్ల దుప్పట్లు నలభై మేడంతా పరిచేశాడు. చివరి క్లిప్పు పెట్టేసరికి వాన దంచికొట్టింది.

రెండు వీధుల అవతల పళ్ల డాక్టరమ్మ బల్ల మీద కూడా అదే రేడియో మోగుతోంది. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నది ఎవరో ఆమెకు తెలియదు.

"ఈయన పాటలు లేనిదే నాకు చెయ్యి ఆడదండీ. మూడేళ్లలో ఒక్క రోజైనా మానలేదు, తెలుసా?" అంది సూది సిద్ధం చేసుకుంటూ.

"ఆఁ," అన్నాడు కండక్టర్. కళ్ల నీళ్లు తిరిగాయి.

"అయ్యో, ఏడవకండి పెద్దాయనా, నేనింకా మొదలే పెట్టలేదు!" అని డాక్టరమ్మ కిటికీ వైపు చూసింది. "అదేంటి, ఇంత వాన కురుస్తుంటే ఎండంటాడు? పాపం, ఆయనకేదో అయింది!"

పన్ను పీకి, దూది పెట్టి, మాట్లాడొద్దని చెప్పి, ఆమె వెంటనే స్టూడియోకు ఫోన్ చేసింది.

"ఆయన బాగానే ఉన్నారమ్మా, లైవ్‌లో ఉన్నారు," అంది టైలరమ్మ.

"బాగానే ఉంటే కిటికీలోంచి చూడమనండి!"

ఈలోపు లాండ్రీ అతను తడి దుప్పటి ఒకటి భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. అతని వెనకే గొడుగుతో హెడ్మాస్టారు.

"కండక్టర్ గారూ! ఒక్కసారి బయటికి చూడండి సార్!" అని లాండ్రీ అతను తలుపు బాదాడు.

లోపల పాట అప్పుడే అయిపోయింది. "చూస్తూనే ఉన్నానండీ! ఒక్క మబ్బు తునక లేదు!" అంది కండక్టర్ గొంతు హుషారుగా.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"మతి తప్పింది," అన్నాడు హెడ్మాస్టారు మెల్లగా. ఆయన మొహంలో దిగులే కనిపించింది, అది అబద్ధం కాదు. "అమ్మాయ్, తలుపు తియ్యి! మనిషి ప్రమాదంలో ఉన్నాడు!"

"తియ్యకూడదండీ!" అని లోపలి నుంచి టైలరమ్మ.

"విన్నావా? ఆమెని కూడా బయటికి రానివ్వడం లేదు!"

అదే సమయానికి, డాక్టరమ్మ ఫోన్ మాటలు విని బయల్దేరిన కండక్టర్ మెట్లెక్కి వచ్చాడు. తల చుట్టూ మఫ్లర్, పైన రెయిన్‌కోటు, ఒక బుగ్గ ఉబ్బి, నోటినిండా దూది. కన్నతల్లి చూసినా పోల్చుకోలేదు.

"ఎవరో మహానుభావుడు, సమయానికి వచ్చారు. లోపల మా కండక్టర్‌కి బాగాలేదు. ఒక భుజం పట్టండి!" అన్నాడు హెడ్మాస్టారు.

"ఊఁ... ఊహూఁ..." అని కండక్టర్ చేతులు ఊపాడు.

"మీకు మాట రాదా? పాపం. ఫరవాలేదు, భుజం ఉందిగా!"

ఇద్దరూ చెరో వైపు లాగి తలుపు ముందు నిలబెట్టారు. తనను తాను కాపాడుకోవడానికి కండక్టర్ కూడా ఒక తోపు తోశాడు. గడియ ఊడిపోయింది. ముగ్గురూ లోపల పడ్డారు.

కుర్చీ ఖాళీగా ఉంది. "నేనెక్కడికి పోతాను, ఇదే కుర్చీలో ఉన్నాను!" అంటోంది కంప్యూటర్. టైలరమ్మ హడలిపోయి బటను నొక్కేసింది. గొంతు ఆగింది. ఏది ఆగినా చెయ్యాల్సిన పని ఆమె చేతికి అలవాటే. మైకు తెరిచేసింది.

కండక్టర్ మెల్లగా మఫ్లర్ విప్పాడు.

హెడ్మాస్టారు గోడ మీది కాగితం వైపు వేలు చూపించాడు. "రికార్డింగా! మూడేళ్ల నమ్మకాన్ని... చదువు! పైకి చదువు! రేపటి నుంచి ఈ ఏడింటి గంట నాది!"

"హా ఫన్ను... హొక్కహోజే..." అన్నాడు కండక్టర్. మొద్దుబారిన నాలుక అంతకంటే కదల్లేదు. ఆయన కళ్లు మాత్రం ఆ కుర్చీ మీదే ఉన్నాయి.

ఆ చూపు చూసి టైలరమ్మకు భయం పోయి కోపం వచ్చింది. "ఆయన ఒక్కరోజే చేశారు మాస్టారూ! మరి మీరో? వేసవిలో మూడు రోజులు కూర్చుని ఏడాదికి సరిపడా ఆదివారాలు రికార్డు చెయ్యలేదూ? బటను నొక్కేది నేనేగా! సందేహాలు అడిగే శ్రోతలు కూడా మీరేనాయె, ముసలమ్మ గొంతు ఒకటీ, చిన్నపిల్ల గొంతు ఒకటీ!"

"అది... ఎవరూ ఫోను చెయ్యరమ్మా," అన్నాడు హెడ్మాస్టారు. గొంతు చిన్నదైపోయింది. "ఒక్కరూ చెయ్యరు."

కండక్టర్ కిందికి చూసి, మైకు మీద వెలుగుతున్న ఎర్ర దీపం వైపు చెయ్యి చాచాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"నేను పళ్ల డాక్టర్ని. ఆ గొంతు నాకు తెలుసు, అరగంట క్రితం ఆ పన్ను పీకింది నేనే. దూది తీయొద్దని చెప్పండి. ఇంకోటి, ఆ మాస్టారు గారికి చెప్పండి, నాకు నిజంగానే ఒక సందేహం ఉంది."

ఆ తరువాత ఫోన్ ఆగలేదు. అందరూ ముందుగా అడిగేది ఒకటే, ఈ మాటల కార్యక్రమం మళ్లీ ఎప్పుడని; తరువాతే సందేహం. పదిహేను నిమిషాలు హెడ్మాస్టారు అసలు శ్రోతలకు అసలు సమాధానాలు చెప్పాడు, చెమటలు కక్కుతూ. ఎనిమిది కొట్టాక గోడ మీది కాగితం చించి జేబులో పెట్టుకున్నాడు. "దవడ నయమయ్యేదాకా మాటలు నేను చూస్తాను, పాటలు నువ్వు వెయ్యి. నయమయ్యాక కుర్చీ నీదే," అన్నాడు. కండక్టర్ ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నలభై దుప్పట్లూ నలుగురూ కలిసి పిండారు.

వారం తరువాత, దవడ నయమైన మొదటి పొద్దున, కండక్టర్ మైకు ముందు గొంతు సవరించుకున్నాడు. "కిటికీ బయట ఎండగా ఉందండీ. ఈసారి ఒట్టు!"

ఎదురు మేడ మీద లాండ్రీ అతను తల ఎత్తి, అరచెయ్యి చాచి, కాసేపు అలాగే నిలబడ్డాడు.