చెన్నయ్య తొట్టి, భీమమ్మ జాజు

ఆ పొద్దు చెన్నయ్య అనుకున్నది చాలా సులువైన పని. మేస్త్రి మాసయ్య వచ్చి పెరట్లో రంగు తొట్టి కడతాడు, వారం తిరిగేసరికి నూలంతా అందులో ఒకేసారి మునుగుతుంది. కుండల్లో విడివిడిగా ముంచితే కుండకో ఎరుపు వస్తుంది. నాగర్‌కర్నూల్ వ్యాపారి ఆరు చీరలూ ఒక్క ఎరుపులోనే కావాలన్నాడు. కుదరకపోతే పని వెనక వీధి భీమన్న మగ్గానికి పోతుంది. భీమన్న పేరు వింటేనే చెన్నయ్యకు అన్నం సహించదు.

“ఉత్త సున్నం నీళ్లకు నిలవదు చెన్నన్నా,” అన్నాడు మాసయ్య. “కుండపెంకులు దంచి ఆ పొడి కలపాలె. గప్పుడు నీళ్లల్ల ఉన్నకొద్దీ రాయైతది. పట్నంల సిమెంటు, సిమెంటు అంటున్నరు గని, గిదేం తక్కువ కాదు. చుక్క కారిందా, నా మీసం తీసేస్త.”

మాసయ్య ఆ మీసానికి రోజూ ఆముదం పట్టించేవాడు. చెన్నయ్యకు నమ్మకం కుదిరింది.

కుమ్మరింటి నుంచి పగిలిన పెంకులు తెచ్చి, రెండు రోజులు రోట్లో దంచాడు. నూలుపోగు పట్టే వేళ్లు బొబ్బలెక్కాయి. జల్లించిన ఎర్రటి పొడిని గంపలకెత్తి పెరటి చూరు కింద పెట్టాడు. గడపలకు పూయడానికి అతని పెళ్లాం భీమమ్మ తెప్పించిన జాజు, అంటే ఎర్రమన్ను, ఆ పక్క గంపల్లోనే ఉంది. అదీ ఎరుపే, ఇదీ ఎరుపే. మొగుడు పెళ్లానికి చెప్పలేదు, పెళ్లాం మొగుణ్ణి అడగలేదు. కాపురాలన్నీ ఇట్లాగే సాగుతున్నాయి కదా!

శుక్రవారం భీమమ్మ చేతికందిన గంపలు తీసుకుని స్నానాలు చేసే చోటంతా పూసింది. మోకాలెత్తు గోడ దాటి దిగే చోటు అది. కాళ్లకు ఎరుపు అంటకుండా జాజులో సున్నం కలపడం అచ్చంపేటలో ఆమె పుట్టింటి పద్ధతి. తొట్టి కోసం మేస్త్రి నానబెట్టి పోయిన సున్నం ఎదురుగానే ఉంటే దండిగా కలిపింది. మిగిలిన ముద్దను నీళ్లు పోసి కడిగేస్తే తూములోకి జారింది.

“వారం దాంక ఎవరూ దిగొద్దు. బావికాడ పోసుకోండ్రి,” అని హుకుం జారీ చేసింది.

మాసయ్య వచ్చి మిగిలిన గంపలు బోర్లించి తొట్టి కట్టి వెళ్లాడు.

వారం తర్వాత చెన్నయ్య ముప్పై కడవలు మోసి తొట్టి నింపాడు. చెమట తుడుచుకుని చూసేసరికి సగమే ఉంది. చుట్ట ముట్టించేలోగా అడుగు కనిపించింది. వేలితో గీరితే గోడ వేలికే వచ్చింది. పాపం, కళ్ల ముందు భీమన్న నవ్వుతున్నాడు.

కబురందుకుని మాసయ్య మీసం తడుముకుంటూ వచ్చాడు. నోరు తెరవబోయేంతలో అవతల స్నానాల చోటు నుంచి భీమమ్మ కేక వినిపించింది.

“ఏమయ్యా, తూముల ఏం కుక్కినవ్? నీళ్లు పోతలేవు!”

మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఉంది. చెన్నయ్య మగ్గం కర్రతో తూము పొడిచాడు. కర్ర విరిగింది. మాసయ్య ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. ఉలి మొన వంగింది. తను ఎందుకొచ్చాడో మరిచిపోయి, మాసయ్య ఆ గోడను ఆప్యాయంగా నిమిరాడు.

“ఏం పనితనమే ఇది! ఏ ఊరి మేస్త్రి కట్టిండు చెల్లె?”

“మేస్త్రి ఎవరే, నేనే. గా గంపల జాజు పూసిన.”

మాసయ్య తొట్టి దగ్గరికి పరుగెత్తి, రాలిన ముద్దను వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఉత్త మన్ను. పెంకుల పొడి స్నానాల చోటికెక్కింది, జాజు తొట్టికెక్కింది.

“నీ పొడి కలిసిన కాడ చుక్క కారలేదు గద అన్నా, మీసం ఉండనియ్,” అంది భీమమ్మ. “ఏమయ్యా, నిలబడి చూస్తవేంది? నీళ్లు నిలిచినయ్ గద, నూలు తే.”

చెన్నయ్య స్నానాల చోట్లో రంగు కలిపి నూలంతా ఒకేసారి ముంచాడు. ఆరు చీరల నూలూ ఒక్క ఎరుపులో తేలింది. ఆ సంతోషంలో చెన్నయ్య నడిపెరట్లో పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు, మాసయ్య మర్యాదగా అటు తిరిగాడు. స్నానాలు ఇక తొట్టిలోకి మారాయి. నీళ్లు నిలవకపోవడమే అక్కడ వసతి.

మర్నాడు భీమన్న నుంచి కబురొచ్చింది, వాళ్లింట్లోనూ ఓ తొట్టి కట్టాలట. మేస్త్రిగా భీమమ్మ రావాలి, మాసయ్య గంపలు అందిస్తే చాలునట.