పడుకునే సీటు

ఆ ఆదివారం ఉదయం బాలకృష్ణయ్య వేసుకున్న పథకం చిన్నది. కాఫీ చల్లారేలోగా జమ్మలమడుగులోని జియావుల్లాకు ఫోన్ చేయాలి, లండన్ టికెట్లు ఖాయం చేయాలి, ఆ సంగతి ప్రొద్దుటూరులో ఒక్కరికీ తెలియకూడదు.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో పెద్ద దుకాణం ఆయనది. ఆయన ఆదాయం గురించి చెప్పేటప్పుడు ఆడిటరు కూడా గొంతు తగ్గించేవాడు. అయినా ఆయన ప్రయాణాలన్నీ ఎర్రబస్సులోనే సాగాయి. విమానం తప్పనిసరైతే తోక దగ్గరి వరుసలో, అదీ నడిమి సీటులో, ఎందుకంటే కిటికీకి అదనంగా అడుగుతారు. "ముందు కూర్చున్నోడూ వెనక కూర్చున్నోడూ ఒగేసారి దిగుతారు గదప్పా" అనేది ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతాన్ని ఆయన ఒకసారి వర్తక సంఘం సమావేశంలో, సొంత అన్న కొడుకు యోగేష్ మీదే ప్రయోగించాడు. యోగేష్ భార్యతో కలిసి ఢిల్లీ చూడబోతూ విమానంలో ముందు సీట్లు కొన్నాడు. "యాపారం మీద పోతే అదో లెక్క. సొంత షికారుకు, కాళ్ళు చాపుకోడానికి అన్ని దుడ్లా?" అని బాలకృష్ణయ్య నలుగురిలో అడిగాడు. తన చేతుల మీద పెరిగిన కుర్రవాడు లేచి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి చిన్నాయన గడప తొక్కలేదు.

ఇప్పుడు బాలకృష్ణయ్య సిద్ధాంతానికి ఇంట్లోనే ప్రతివాదన ఎదురైంది. భార్య రమణికి లండన్ చూడాలని కోరిక, కానీ మోకాళ్ళ నొప్పి. "మీ సిద్ధాంతం మీకు బాగానే ఉంది. నా మోకాళ్ళకు దాన్ని ఎట్ల చెప్పేది?" అన్నదామె. ఆయన ఫోను తీసి జియావుల్లా నంబరు వెతికాడు.

జియావుల్లా కువైట్‌లో పనిచేసి వచ్చి, ఇంటి ముందుగదిలోనే టికెట్ల ఆఫీసు నడుపుతున్నాడు. చెవి కాస్త మందం కావడంతో ఫోనును స్పీకరులో పెట్టి మాట్లాడతాడు.

"పడుకునే సీటే ఖాయం చెయ్యి జియా. అన్ని గంటలు కూర్చోని పోయేది కాదు. ఎవురికీ చెప్పొద్దు. ముఖ్యంగా మా యోగేషుకు" అన్నాడు బాలకృష్ణయ్య.

"రేటు చెప్పాల్నా శెట్టీ?"

"చెప్పొద్దు. వింటే ధైర్యం చాలదు."

పక్కగదిలో రవికెకు మగ్గం పని చేస్తున్న జియావుల్లా భార్య హఫీజా చేతిలో సూది ఆగింది. గల్ఫ్ కుటుంబాల ఆ వీధిలో, విమానంలో పడుకుని వచ్చిన మనిషిని ఆమె ఒక్కడినే ఎరుగును. అతడు ఆమె తమ్ముడు నాసిర్. కువైట్‌లో కట్టడం పనిలో సారవ మీది నుంచి పడినప్పుడు, సీట్లు మడిచి, వాటి మీద స్ట్రెచరు బిగించి, సెలైను సీసాతో తీసుకువచ్చారు. ఆరోగ్యంగా ఉన్నవాడు విమానంలో పడుకోవడం ఆమె కనలేదు, వినలేదు. ఆమె తర్కంలో దోషమేమీ లేదు, దృష్టాంతాలే తక్కువ. భర్తను అడిగి ప్రయోజనం లేదు. గిరాకీల గుట్టు అతడు ప్రాణం పోయినా విప్పడు.

ఆమె కుడుతున్న రవికె పులివెందులలో ఉన్న పద్మశ్రీది. పద్మశ్రీ రమణికి స్వయానా చెల్లెలు. హఫీజా ఫోన్ చేసింది.

"పద్మక్కా, రవికె మాట తర్వాత. మీ బావకు శానా బాగలేదంట. పండబెట్టి లండన్‌కు తీసకపోతాండారు. ఎవురికీ చెప్పొద్దన్నాడు."

ఎవరికీ చెప్పవద్దన్న మాటకు ఉన్న వేగం విమానానికి లేదు. మధ్యాహ్నానికి బంగారు అంగళ్ళ వీధి అంతా విన్నది.

రోగిని పలకరించడానికి వెళ్ళినప్పుడు అతని ఎదుట రోగం పేరు ఎత్తకపోవడం అక్కడి మర్యాద. పండ్లు పెట్టాలి, కాసేపు కూర్చోవాలి, లోకాభిరామం మాట్లాడి లేవాలి. ఈ మర్యాదే ఆనాడు కొంప ముంచింది.

మొదట పద్మశ్రీ వచ్చింది, తోటలో కోసిన నిండు అరటి గెలతో. బావ ముఖం చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంది పద్మా, కంట్లో ఏమన్నా పడిందా?"

"ఏం లేదు బావా. గెల పక్వానికొచ్చింది, అంతే."

తర్వాత అబ్దుల్ సత్తార్ వచ్చాడు, బత్తాయిల సంచితో. ఆ దుకాణానికి ఏళ్ళ తరబడి నగలు చేస్తున్న పనివాడు. కుర్చీ అంచున కూర్చుని, "విన్నా శెట్టీ. ఈ వయసులో తప్పదులే" అన్నాడు.

గుట్టు బయటపడిందని బాలకృష్ణయ్యకు అర్థమైంది. "నాకు ఇష్టముండి కాదప్పా. రమణి పట్టు పట్టింది."

"అక్క మాట విను. దుడ్ల మొగం చూడొద్దు."

బాలకృష్ణయ్య నివ్వెరపోయాడు. తన పొదుపును ఇన్నేళ్ళు మెచ్చుకున్న బజారు ఇంత ఉదారంగా అనుమతి ఇస్తుందని ఆయన ఊహించలేదు. కాస్త ఉత్సాహం కూడా వచ్చింది. "మనం కదలాల్సిన పనే లేదంట సత్తారూ. దుప్పటి కూడా వాళ్ళే కప్పుతారంట."

సత్తార్ కళ్ళు తుడుచుకుని లేచి గోడకు ఆనుకున్నాడు.

సాయంత్రానికి నడవ నిండా మనుషులు, మూలల నిండా బత్తాయిలు, రొట్టె ప్యాకెట్లు. ఎవరూ ఏమీ అడగరు. అందరూ ఆయనను ఆప్యాయంగా చూస్తారు. కార్యకారణ సంబంధం లేకుండా ఏదీ జరగదని నమ్మిన మనిషి ఆయన. ముందు సీటు కొన్నవాడికి ఊరు పండ్లు పెట్టే ఆచారం ఎక్కడిదో ఆయనకు అంతుపట్టలేదు. మరి ఆనాడు యోగేష్‌కు ఒక్క పండైనా ఎవరూ పెట్టలేదే? తాను పెట్టింది చీవాట్లే కదా?

అప్పుడే యోగేష్ వచ్చాడు. చెప్పులు విడవడం కూడా మరచి, నేరుగా వచ్చి పాదాల దగ్గర కూలబడ్డాడు.

"నువ్వు చెప్పిందే నిజం చిన్నాయనా. ఆ పొద్దు నుంచి నేను వెనక సీట్లోనే పోతాండా. నువ్వు నయమై రా, చాలు."

"నయమయ్యేదేంది రా? నాకేమైంది?"

మర్యాద తప్పి పద్మశ్రీ ఏడుస్తూ అంతా చెప్పింది: స్ట్రెచరు, ఆపరేషను, హఫీజా ఫోను.

బాలకృష్ణయ్యకు ఒక్కసారిగా దారి కనిపించింది. 'అవును' అంటే చాలు. పరువు నిలుస్తుంది, సీటు నిలుస్తుంది, యోగేష్ కూడా మిగులుతాడు. ఆయన అన్న కొడుకు తడిసిన ముఖం చూశాడు. లేచి నిలబడ్డాడు.

"నాకు యా రోగమూ లేదు. హాయిగా పడుకోని పోదామని ముందు సీటు కొన్నా. సొంత షికారుకే. ఈణ్ణి నలుగుర్లో తిట్టినా, కాబట్టి నలుగుర్లోనే చెప్తాండా. తప్పు నాది."

సత్తార్ రమణి వైపు వంగి, "తలకు గూడా ఎక్కినట్టుంది అక్కా" అన్నాడు.

బాలకృష్ణయ్య ఫోనులో టికెట్టు తీసి చూపించాడు. దాని మీది ధరను ఆయన కూడా అప్పుడే చూశాడు. ఫోను చేతి నుంచి చేతికి, పసిబిడ్డలా, రెండు చేతుల మీదుగా నడవంతా తిరిగింది. చూసిన ప్రతివాడూ సున్నాలు లెక్కపెట్టాడు. "బాలకృష్ణయ్య మామ ఇంత పెట్టినాడంటే ఎంత పెద్ద రోగమో" అని ఎవరో గొణిగారు. సంభావ్యత దృష్ట్యా ఆ వాదనలో బలముంది.

నమ్మినవాడు యోగేష్ ఒక్కడే. "నాకు తెలుసు చిన్నాయనా. ఆ మాట చెప్పడానికి నీకు టికెట్టు కంటే ఎక్కువే ఖర్చయ్యుంటాది" అన్నాడు మెల్లగా.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ ప్రయోగంతో రుజువు కాని సత్యం బాలకృష్ణయ్యకు రుచించదు. "రోగిష్టోడు దీన్ని ఎత్తగలడేమో చూడండి" అని అరటి గెలను ఒక్క ఊపున భుజానికెత్తాడు. నడవంతా అబ్బురంగా చూసింది. ఆ మరుక్షణం ఆయన నడుములో ఏదో 'టక్' మన్నది, వంగిన మనిషి మళ్ళీ లేవలేదు. యోగేష్ పట్టుకున్నాడు.

"నేను చెప్పలా?" అన్నాడు సత్తార్ దిగులుగా.

డాక్టరు ప్రయాణానికి అభ్యంతరం చెప్పలేదు కానీ, కూర్చుని మాత్రం వెళ్ళవద్దన్నాడు. యోగేషే కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి బెంగళూరు చేర్చాడు. "ఈ తూరి విమానమెక్కితే నువ్వూ ముందు సీట్లోనే పో రా" అని చిన్నాయన వాడి చెయ్యి విడవకుండా చెప్పాడు.

విమానంలో మీట నొక్కగానే సీటు నెమ్మదిగా, చప్పుడు లేకుండా, పరుపుగా పరుచుకుంది. దుప్పటి నిజంగానే వాళ్ళే కప్పారు. బాలకృష్ణయ్య తల పక్కకు తిప్పాడు. కిటికీ అవతల పొద్దుటి ఎండలో మేఘాలు, విచ్చిన పత్తి చేలలా, చూపు ఆనే మేర పరుచుకుని ఉన్నాయి.

"ఇదంతా ఎప్పుడూ ఉండేదేనా?" అన్నాడు.

"ఉండేదే. మీరే నడిమి సీట్లో ఉంటిరి" అన్నది రమణి.

ప్రొద్దుటూరు బజారులో మాత్రం ఆయన పేరు చెక్కుచెదరలేదు: నడుము విరిగితే తప్ప ముందు సీటు ఎక్కని మనిషి.