గోల్‌కీపర్‌కు శాలువా

వరంగల్ నగర ప్రజలకు సంతోషంతో తెలియజేసేది ఏమంటే, మన ఏకశిల ఫుట్‌బాల్ క్లబ్ ఈ ఏడాది కూడా దక్కన్ లీగ్‌లో చివరి స్థానాన్ని నిలబెట్టుకుంది. మిగతా జట్లు ఏటా పైకీ కిందికీ దొర్లుతుంటాయి. వరుసగా మూడేళ్ళు ఒకే చోట నిలకడగా ఉన్న జట్టు మనదొక్కటే.

అయినా క్లబ్ చైర్మన్ రాయమల్లు గారు ఉన్నదానితో తృప్తిపడే మనిషి కాదు. హన్మకొండలో ఆయనకు ఒక ఫంక్షన్ హాలు, ఒక టెంట్ హౌసు, ఒక ఫుట్‌బాల్ జట్టు ఉన్నాయి. మొదటి రెండింటికీ పెళ్ళిళ్ళ కాలంలో ఊపిరి ఆడదు. మూడోదానికి ఏ కాలంలోనూ ఆడదు. సీజను ముగిసిన వారంలోనే ఆయన పత్రికల వాళ్ళను పిలిచి, జట్టును పూర్తిగా ప్రక్షాళన చేస్తామని ప్రకటించారు. ప్రకటన తర్వాత భోజనాలు పెట్టారు. మర్నాడు పేపర్లలో ప్రకటన గురించి రెండు ముక్కలు, బగారన్నం గురించి నాలుగు ముక్కలు వచ్చాయి.

ప్రక్షాళన అంటే కొందరిని పంపడం, కొందరిని తెచ్చుకోవడం అని మీకు తెలిసిందే. ఇతర నగరాల క్లబ్బులు ఈ పనిని ఫోనులో ఒక మాటతో కానిచ్చేస్తాయట. మనం అంత మర్యాద తెలియని వాళ్ళం కాదు. మన దగ్గర హెడ్మాస్టరు బదిలీ అయినా, లైన్‌మెన్ రిటైరైనా, శాలువా కప్పకుండా గడప దాటనివ్వం. అందుకే క్లబ్బు నియమాల్లో రాయమల్లు గారు ముందే ఒక మాట చేర్పించారు: సభ పెట్టి, శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పనిదే ఎవరినీ తొలగించినట్టు కాదు. ఆటగాళ్ళకు ఈ నియమం బాగా అలవాటైంది. హాలు ముందు పూలదండలు దిగుతుంటే చాలు, ఎవరికి ఏం జరగబోతున్నదో వాళ్ళకు తెలిసిపోతుంది.

ఈసారి ఒక చిన్న సంగతి కలిసివచ్చింది. ఫుట్‌బాల్‌కు ఆటల్లేని కాలమూ, పెళ్ళిళ్ళకు మూఢమూ ఒకేసారి వచ్చాయి. శుక్రుడు ఆకాశంలో కనబడని ఆ రెండున్నర నెలలు పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు ఉండవు కాబట్టి హాలు ఖాళీగా ఉంది. ఖాళీ హాలును చూస్తే రాయమల్లు గారికి నిద్రపట్టదు. రోజుకొక సన్మానం చొప్పున పెట్టుకుందామని ఆయనే అన్నారు.

క్లబ్బు టెక్నికల్ డైరెక్టరు సారంగపాణి గారిని సంప్రదించారు. సారంగపాణి గారు రాయమల్లు గారింటి పురోహితులు. మొదటి ఏడాది గోల్‌పోస్టు వాస్తు చూడడానికి వచ్చి, ఆయన పద్ధతి అందరికీ నచ్చడంతో ఆ పదవిలో ఉండిపోయారు. ఆయన పంచాంగం తిరగేసి తేల్చి చెప్పారు. పంపడం శుభకార్యం కాదు గనక మూఢంలో ఎంతమందినైనా పంపవచ్చు. చేర్చుకోవడం శుభకార్యం గనక మూఢం వెళ్ళేదాకా ఒక్కరినీ చేర్చుకోకూడదు.

కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందా అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే వాళ్ళకే మొదటి శాలువా పడేదని కొందరి అభిప్రాయం.

మొదటి సన్మానం కోచ్ ఓంప్రకాశ్ గారికి జరిగింది. క్లబ్బు కార్యదర్శి భాస్కర్ సారు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన వారు. ఓంప్రకాశ్ గారి క్రమశిక్షణ గురించి, ఎండలో నిలబడి కుర్రాళ్ళకు ఆట నేర్పిన తీరు గురించి, విరిగిన కాలితో గ్రౌండుకు వచ్చిన రోజు గురించి ఆయన అంత గొప్పగా మాట్లాడితే, వేదిక మీద కూర్చున్న రాయమల్లు గారికి కళ్ళు చెమర్చాయి. ఆయన భాస్కర్ సారు చెవి దగ్గరకు వంగారు. మైకు కట్టెయ్యలేదు కాబట్టి అందరమూ విన్నాం.

"సార్, ఇంత మంచోడా ఈయన? మరి ఎందుకు పంపుతానం?"

"పంపుతానం గాబట్టే మంచోడు సార్. ఉంచుకునేదుంటే ఇవన్నీ ఎందుకు చెప్తం?"

రాయమల్లు గారికి ఈ మాట సబబుగా తోచింది. శాలువా కప్పారు. ఓంప్రకాశ్ గారు రెండు చేతులూ జోడించి, తనలో ఇన్ని మంచి గుణాలున్నట్టు ఇన్నేళ్ళూ తనకు తెలియదని, ముందే తెలిసుంటే ఇంకొంచెం ధైర్యంగా పనిచేసేవాడినని చెప్పి దిగిపోయారు.

తర్వాత వరుసగా ఆటగాళ్ళు. ఎదుటి జట్టు బంతితో వస్తే పక్కకు జరిగే డిఫెండరును భాస్కర్ సారు, ఎవరి దారికీ అడ్డురాని సౌజన్యమూర్తి అన్నారు. మూడేళ్ళలో ఒక్క గోలు కొట్టని మధును ఫలాపేక్ష లేని కర్మయోగి అన్నారు. ఈ మాటలన్నీ అందంగా అచ్చువేయించి, అద్దం కట్టించి చేతికిచ్చారు. ఆ అద్దాలు పట్టుకుని వెళ్ళిన వాళ్ళను వేరే ఊళ్ళ క్లబ్బులు వెంటనే చేర్చుకున్నాయి. వాళ్ళకు మూఢం లేదు కాబోలు. కర్మయోగికి మన దగ్గరకంటే ఎక్కువే ఇస్తున్నారని విన్నాం.

ఇంతలో కలకత్తా నుంచి కొత్త కోచ్ దిగాడు. మూఢంలో గ్రౌండులో కాలు పెట్టనివ్వడం కుదరదు కాబట్టి, చౌరస్తాలో ఒక లాడ్జిలో దింపారు. ఖాళీగా ఉంటే బెంగ పెట్టుకుంటాడని ఖిలా వరంగల్ చూపించుకు వచ్చారు. నాలుగు దిక్కులా గోల్‌పోస్టుల్లా నిలబడిన కాకతీయుల రాతి తోరణాలను చూసి ఆయన, ఇక్కడ కూడా కీపర్ లేడా అని అడిగాడట. ఆటగాళ్ళ ఎంపికకని కేసముద్రం నుంచి, పాలకుర్తి నుంచి వచ్చిన పిల్లల్లో మంచి వాళ్ళను ఆయన లాడ్జి డాబా మీదే ఎంచాడు. మూఢం పోయాక రమ్మని వాళ్ళకు చెప్పి పంపారు. కాళ్ళలో చురుకున్న పిల్లలు కాబట్టి వాళ్ళు తిరిగి చూడకుండా వేరే జట్లలోకి ఉరికారు.

ఇలా ప్రక్షాళన నిర్విఘ్నంగా సాగుతుండగా ఒకే ఒక్క అడ్డంకి వచ్చింది. గోల్‌కీపర్ సిద్దిరాములు సన్మానానికి రానన్నాడు.

సిద్దిరాములుది కొత్తవాడలో నేతపని వాళ్ళ ఇల్లు. పని లేక ఆయన అన్న భివండికి పోయి, అక్కడి పవర్లూమ్ మీద ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు. పెళ్ళికో చావుకో వచ్చి, చుట్టంలా చాప మీద కూర్చుని, కాఫీ తాగి, బండి వేళ అడుగుతాడు. చిన్నవాడు ఒక్కడైనా ఊళ్ళో మిగిలాడంటే అది ఈ జట్టు ఇచ్చే జీతం వల్లనే. అది పోతే ఆయనా అదే బండి ఎక్కాలి. అన్న పక్కన ఒక మగ్గం ఖాళీగా ఉందని అప్పటికే కబురు వచ్చింది. కాబట్టి ఆయనకు శాలువాను చూస్తే చలిజ్వరం వచ్చినట్టు ఉండేది.

మొదటిసారి పిలిచినప్పుడు కామెర్లు అన్నాడు. రెండోసారి హాలు దాకా వచ్చాడు గానీ, శాలువా విప్పడం చూసి వంట గదిలోంచి వెళ్ళిపోయాడు. ప్రతి మ్యాచులోనూ ఎటునుంచి వస్తుందో తెలియని బంతుల మీద పడి వేళ్ళు విరగ్గొట్టుకున్న మనిషికి, ఎదురుగా నెమ్మదిగా వచ్చే శాలువాను తప్పించుకోవడం కష్టం కాలేదు. జట్టులో అందరూ వెళ్ళిపోయి ఆయన ఒక్కడే మిగిలాడు. నియమం ప్రకారం ఏకశిల జట్టు అంటే ఇప్పుడు ఆయనే.

చివరికి రాయమల్లు గారే పెద్దమనసు చేసుకుని, శాలువా పళ్ళెంలో పెట్టించుకుని, భాస్కర్ సారును, బ్యాండు వాళ్ళను వెంటబెట్టుకుని కొత్తవాడకు బయలుదేరారు. బ్యాండు చప్పుడు వినబడగానే సిద్దిరాములు తాతల నాటి గుంటమగ్గం గుంటలోకి దిగాడు. మగ్గం అమ్ముడుపోయాక ఆ గుంటలో ఉల్లిగడ్డలు పోసుకుంటున్నారు. భార్య వినోద పైన చెక్క మూసి, దాని మీద కూర్చుని చీరకు ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది.

"చెల్లె, సిద్దిరాములు ఉన్నడా?" అన్నారు రాయమల్లు గారు.

"లేడన్నా. ప్రాక్టీసుకు పోయిండు."

"టీంల ఇంకెవ్వలు లేరు గదా. ఎవలతోని ప్రాక్టీసు?"

"గోడకు కొట్టుకుంటాండు. గోడనే నయం, బాల్ మర్లిస్తది."

భాస్కర్ సారు దగ్గారు. రాయమల్లు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సన్మానం చెయ్యమని ఊళ్ళో ఎంతోమంది తన వెంట పడుతున్నారని, ఇంటికి వచ్చి చేస్తానంటే తలుపు వెనక్కి పోయే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని చెప్పారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. వినోద సూది ఆపింది.

"అన్నా, నువ్వు శాలువ కప్పితె ఆయన భివండి పోవాలె. మా బావ గట్లనే పోయిండు. ఏడాదికోపారి వస్తె మా పిల్లలు అంకుల్ అని పిలుస్తాండ్లు. నీకు దండం పెడ్త, జర ఆ శాలువ నీ తాన్నే ఉంచుకో."

రాయమల్లు గారు కదిలిపోయారు. ఆయనకు కూడా చెల్లెళ్ళున్నారు. పళ్ళెంలోని శాలువా అంచు వేళ్ళతో నలిపి చూశారు. ఇంత అభిమానమున్న ఇంటికి ఈ మామూలు శాలువా తేవడం తనదే తప్పని ఒప్పుకుని, పోచంపల్లి నుంచి పట్టుది తెప్పిస్తానని మాట ఇచ్చి వెళ్ళిపోయారు. బ్యాండు వాళ్ళు వీధి చివరిదాకా వాయించారు.

పట్టు శాలువా రావడానికి ఆలస్యమైంది. ఈలోగా మూఢం పోయింది. మంచి ఘడియ చూసి కొత్త కోచ్ కుడికాలు ముందు పెట్టి గ్రౌండులోకి అడుగు వేశాడు. కొబ్బరికాయ కొట్టారు. ఎదురుగా గోల్‌పోస్టు మధ్యలో సిద్దిరాములు చేతులకు గ్లౌజులు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. మిగతా వాళ్ళు ఎప్పుడొస్తారని కోచ్ అడిగాడు. అప్పుడు భాస్కర్ సారు లీగ్ వాళ్ళకు ఫోను చేశారు. ఆటగాళ్ళ పేర్లు ఇవ్వడానికి గడువు అంతకు ముందు వారమే ముగిసిందని, పేర్లు ఇవ్వని జట్టును తీసేశామని అవతలి మనిషి చెప్పాడు. సన్మానం లేకుండా, శాలువా లేకుండా, ఫోనులో ఒక మాటగా.

రాయమల్లు గారికి అన్నిటికన్నా అదే ఎక్కువ బాధ కలిగించింది.

సారంగపాణి గారు ఓదార్చారు. మూఢంలో మనుషుల్ని చేర్చుకుని ఉంటే తప్పకుండా ఓడిపోయేవాళ్ళమని, ఇప్పుడు ఈ ఏడాది మనకు ఒక్క ఓటమి కూడా ఉండదని గుర్తుచేశారు. కమిటీ ఆయనకు అభినందనలు తెలుపుతూ తీర్మానం చేసింది. కొత్త కోచ్ ఆ సాయంత్రమే కలకత్తా బండి ఎక్కాడు. ఆయన్ను చేర్చుకున్నట్టే లేదు కాబట్టి పంపినట్టు కూడా లెక్కలోకి రాదు.

జట్టే లేనప్పుడు కీపరుకు జీతం ఎక్కడిది? గుంటలో దాక్కోవడానికి కారణం కూడా మిగల్లేదు. సిద్దిరాములు తానే వచ్చి, కానివ్వండి అన్నాడు.

ఇక ఆ సన్మానం గురించి మీకు నేను చెప్పవలసింది లేదు, మీరందరూ వచ్చారు. హాలు సరిపోక బయట షామియానాలు వేశారు. సన్మానం ఉందని పేపర్లో ఆయన ఫొటో పడిన రోజు నుంచే ఊరంతా కదిలింది. కార్పొరేటర్లు వచ్చారు, కాలేజీ పిల్లలు బస్సుల్లో వచ్చారు, ఆయనతో ఫొటో దిగడానికి వరుస రోడ్డు దాకా సాగింది. ఈ జట్టు మ్యాచులకు అవతలి జట్టు బస్సు డ్రైవరు, క్లీనరు, వినోద, పల్లీలు అమ్మే ఆమె తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఆ రోజు పల్లీలమ్మకే లోపలికి దారి దొరకలేదు.

భాస్కర్ సారు గంటసేపు మాట్లాడారు. కాకతీయుల కోట గోడ తర్వాత వరంగల్ చూసిన గోడ సిద్దిరాములే అన్నారు. ఇటువంటి బిడ్డను వదులుకోవడం ఈ మట్టికి తీరని లోటు అన్నారు. ముందు వరుసల్లో ముక్కులు తుడుచుకున్నారు. పట్టు శాలువా కప్పారు. అది నిజంగా బాగుంది.

మాట్లాడమని మైకు చేతికిచ్చారు. సిద్దిరాములు జనాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు.

"ఇందుల సగం మంది ఒక్కనాడన్న గ్రౌండుకు వస్తె, నేను ఈడ్నే ఉందును."

వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆ తర్వాత హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇంత చక్కగా మాట్లాడతాడని ఎవరూ అనుకోలేదు. బయట షామియానాలోని వాళ్ళు, ఏమన్నాడో వినబడకపోయినా, ఇంకా గట్టిగా కొట్టారు.

మూడో వరుసలో వినోద మాత్రం కూర్చునే ఉంది. కాళ్ళ దగ్గర ఆయన సంచి ఉంది. అందులో రెండు జతల బట్టలు, మామిడికాయ తొక్కు, దారికి రొట్టెలు. కాజీపేటలో బండికి ఇక ఎక్కువ సమయం లేదు. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని వేదిక మీదికి చూస్తున్నది.

ఆమె పక్క కుర్చీలో కూర్చున్నది మీరే. మీరు చప్పట్లు ఆపకుండానే ఆమె వైపు వంగి, మంచి మాటగానే చెప్పారు.

"పెనిమిటికి ఇంత మర్యాద జరుగుతాంటె చేతులు ముడుచుకోని కూసున్నవేందమ్మా? నలుగురు చూస్తాండ్లు. కొట్టు."

వినోద మీ మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత ఒడిలోంచి చేతులు తీసి, మీరు నొచ్చుకోకుండా, కొట్టింది.